మిల్లు మలుపులో వెలుగు

మిల్లు వెనక మలుపు మంచిది కాదని అందరూ అనేవారట. పొద్దుగూకితే ఎంతటివాడైనా ఆ దారి వదిలి చుట్టూ తిరిగి పోయేవాడు. అక్కడి ఎండుచెట్టు మొదట్లో, చీకటి పడగానే ఏదో ఆకుపచ్చగా... సన్నగా వెలిగేది. ఆ చెట్టుకే స్కూటరు గుద్దుకుని పోయిన పిల్ల ఇంకా అక్కడే ఉందని చెప్పుకునేవారు.

ఆ పిల్ల మాస్టారికి మేనకోడలు. ఆయన కాలేజీలో చెట్ల పాఠాలు చెప్పే మనిషి, దెయ్యమంటే ఒంటికాలి మీద లేచేవాడు. అందరి నోళ్లూ మూయిస్తానని ఒక రాత్రి టార్చి, చాకు పట్టుకుని బయల్దేరాడు. ధైర్యం మాత్రం ఇంట్లోనే మర్చిపోయినట్టున్నాడు.

మలుపు తిరిగి టార్చి ఆర్పాడు... వెలుగు ఉంది.

దాని పక్కన — ఒక ఆడమనిషి కూర్చుని ఉంది.

మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"నేనేరా తమ్ముడూ..."

అక్క. కూతురు పోయాక గది దాటి రావడం లేదని అందరూ అనుకుంటున్న అక్క.

ఆయన తనకు తెలిసిన పనిలో పడ్డాడు; టార్చి వేస్తూ ఆర్పుతూ చెట్టుకు మొలిచినవన్నీ చూశాడు. మానుకు చెక్కలా గట్టిగా అంటుకున్నవి వెలగడం లేదు. చెవుల్లా మెత్తగా వేలాడేవీ వెలగడం లేదు. కింద, పుచ్చిన మొదట్లో, చిన్నచిన్న తెల్లగొడుగుల గుత్తి ఉంది. ఒకటి కోసి తిరగేశాడు — అడుగున సన్నటి రేకులు, రేకు రేకునా వెలుగు.

"అక్కా... ఇది పుట్టగొడుగు. పుచ్చిన కర్ర తిని వెలుగుతుంది. ఇక్కడ ఎవరూ లేరే."

లోపలెక్కడో ఆయనా ఆశపడే వచ్చాడు.

"తెలుసురా," అంది అక్క. "మొదటి రాత్రే తుంచి చూశాను. ఆ రాత్రి ఏడ్చినంత, పిల్లను సాగనంపిన రోజున కూడా ఏడవలేదు."

"మరి... ఎందుకొస్తున్నావు?"

"ఇంట్లో దాని మాటెత్తితే మీ బావ లేచి వెళ్లిపోతాడు. చుట్టాలు మాట మార్చేస్తారు. ఈ దెయ్యం పుణ్యాన బయటివాళ్లయినా రోజూ దాన్ని తలుచుకుంటున్నారు. ఇది పుట్టగొడుగని చెప్పకురా... చెబితే నా పిల్ల మళ్లీ పోతుంది."

ఆయన ఆమె పక్కనే నేల మీద కూలబడ్డాడు. తెల్లవార్లూ ఇద్దరూ అక్కడే ఉన్నారట.

మర్నాడు టీకొట్టు దగ్గర అందరూ చుట్టుముట్టారు.

"ఏం మాస్టారూ... చూశారా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"చూశాను. మా పిల్లే," అన్నాడు. "నన్ను చూసి... మావయ్యా అంది."