తోలుపట్టీ మీద రాత్రి చప్పుడు

ఆ సందు చివర సెలూన్ ఉందే, దాని ముందు నుంచి రాత్రి పదకొండు దాటాక ఎవరూ నడిచేవారు కాదు. చుట్టుతిరుగుడైనా సరే, వెనక వీధి పట్టుకునేవారు. ధైర్యవంతులు లేక కాదు... వాళ్ళే అందరికన్నా ముందు దారి మార్చారు.

కారణం ఒక చప్పుడు.

షట్టర్ దించి తాళం వేసి ఉంటుంది. వీధంతా నిద్రలో ఉంటుంది. అప్పుడు లోపల్నుంచి — సర్ర్... టప్. సర్ర్... టప్. గడ్డం కత్తిని తోలుపట్టీ మీద ముందుకీ వెనక్కీ లాగుతున్న చప్పుడు. తొందర లేదు, తడబాటు లేదు.

ఆ కత్తి పట్టిన పెద్దాయన పోయి అప్పటికి ఆరు నెలలు.

బతికుండగా ఆయన కత్తి పదును అంటే మాటలు కాదు. కుర్చీలో కునుకు తీసి లేచినవాళ్ళు, ఇంకెప్పుడు మొదలెడతారని అడిగేవారట. ఆయన గీసిన చెంప మీద ఈగ వాలితే జారిపడేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన తర్వాత షాపు అల్లుడి చేతికొచ్చింది. ఇల్లరికపు అల్లుడు. కత్తెర పనిలో వంక పెట్టడానికి లేదు. కత్తి దగ్గరే వచ్చింది చిక్కు. ఎంతసేపు తోలుకి లాగినా ఆ పదును రాదు. చెంపలు మంటలు, గడ్డం కింద గాట్లు. పక్క వీధి అచ్చాఫీసులో రాత్రిపూట అచ్చక్షరాలు పేర్చే కంపోజిటర్ ఒకరోజు మూడు చోట్ల కాగితం ముక్కలు అంటించుకుని అద్దంలో చూసుకున్నాడు. ఇన్ని తప్పులు దిద్దిన ప్రూఫు తన సర్వీసులో చూడలేదన్నాడు. ఆ వారంలోనే పాతవాళ్ళు ఒక్కొక్కరే జారుకోవడం మొదలెట్టారు.

మరి ఏం జరిగిందో ఏమో... ఒక పొద్దున కత్తి తీసి చెంప మీద పెడితే వెన్నలో దిగినట్టు దిగింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

మనవాడికి రెక్కలొచ్చాయి. చెయ్యి తిరగాలంటే కాస్త టైం పడుతుందని, ఎంతైనా ఇలాంటివి పుట్టుకతో రావాలని, వచ్చినవాళ్ళందరికీ నురగ పూస్తూ పూస్తూ చెప్పాడు. పోయినవాళ్ళు తిరిగొచ్చారు. కంపోజిటర్ కూడా వచ్చాడు.

వచ్చినవాడు గడ్డం ముప్పాతిక గీసేదాకా ఊరుకుని, అప్పుడు గుసగుసగా అన్నాడు.

"మీ మామగారు... ఇంకా పని మానలేదయ్యా."

రాత్రి పని దిగి వస్తూ మూడుసార్లు విన్నాడట. సర్ర్, టప్. అల్లుడి చెయ్యి కంపోజిటర్ గొంతు దగ్గరే ఆగిపోయింది. కత్తి అక్కడున్నప్పుడు ఇలాంటి మాట చెప్పకూడదని అతనికి ఆలస్యంగా తట్టింది.

ఆ రోజు నుంచి అల్లుడికి అన్నం సయించలేదు. గొప్పలు చెప్పుకున్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పుట్టుకతో రావాలన్నాడు కదా... ఆ మాట పక్కనే నిలబడి మామ విన్నాడేమో! పదిరోజులు ఓర్చుకుని, షాపు మూసేద్దాం, ఇంకెక్కడైనా కూలికి కత్తెర పట్టుకుంటానని పెళ్ళాంతో చెప్పాడు. ఆమె వాదించలేదు. ఆ ముక్కేదో అమ్మతో నువ్వే చెప్పు అని అటు తిరిగి పడుకుంది.

అత్తగారితో చెప్పాలి. దెయ్యానికి జడిసి అని చెప్పాలి. అంతకన్నా దెయ్యమే నయమనిపించింది. ముందు ఒక్కసారి కళ్ళతో చూసి, అప్పుడు చెబుదామనుకున్నాడు.

ఇల్లు షాపుకి వెనకే. అందరూ పడుకున్నాక అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, నడిమి తలుపు దగ్గరగా వేసి, కుర్చీలో కూర్చున్నాడు. చీకటి. ఎదురుగా అద్దంలో అంతకన్నా చీకటి. పౌడరు వాసన... సబ్బు వాసన. ఎక్కడో నీటిచుక్క పడుతోంది. పావుగంట గడిచేసరికి ధైర్యం నీరుగారింది. గిరాకీలకి కప్పే తెల్లగుడ్డ చేతికి దొరికితే, తల మీదుగా ముసుగేసుకుని, కంటికి మాత్రం సందు ఉంచుకున్నాడు.

కిర్ర్...

నడిమి తలుపు తెరుచుకుంది. ముందు వెలుగొచ్చింది. వెలుగు వెనక చిన్న దీపం. దీపం వెనక —

అత్తగారు.

రెండడుగులు వేసి ఆగింది. కుర్చీ వైపు చూసింది. తెల్లగా, కదలకుండా కూర్చున్న ఆకారాన్ని చాలాసేపు చూసింది. అరవలేదు. దీపం అద్దం పక్కన పెట్టి, కత్తి తెరిచి, తోలుపట్టీ కొస ఎడంచేత్తో బిగించి పట్టుకుంది.

సర్ర్... టప్. సర్ర్... టప్.

"వచ్చారా," అంది మెల్లగా.

మామే వచ్చాడనుకుంటోందని అల్లుడికి అర్థమైంది. నేనే అత్తయ్యా అని లేస్తే ఆవిడ గుండె ఆగిపోతుందేమో. లేవకపోతే... ఆవిడ చేతిలో కత్తి.

"ముప్పై ఏళ్ళు దాచాను. ఇప్పుడైనా వినండి. ఆ పదును మీది కాదు. నాది."



ఆవిడ పని ఆపకుండానే చెప్పుకుపోయింది. పెళ్ళయిన కొత్తలో ఎవరి చెంపో తెగిందని మామ అన్నం మానేసి పడుకున్నాడట. కత్తులు సానపట్టే తండ్రి దగ్గర పెరిగిన పిల్ల, ఆ రాత్రే వచ్చి కత్తి సరిచేసి పెట్టింది. పొద్దున ఆయన మీసం దువ్వుకుంటూ వచ్చి, చెయ్యి తిరిగిందే అన్నాడు. ఆ మొహం చూశాక ఇంక చెప్పబుద్ధి కాలేదు.

"మీది నొక్కుడు చెయ్యి. గడ్డం మీద దూది, తోలు మీద రోకలి. నొక్కితే కత్తి అంచు, ఆ వాదర, మడతపడిపోతుందండీ, పదును చచ్చిపోతుంది. కత్తి బరువు చాలు. పట్టీ వేలాడకూడదు. తిప్పేటప్పుడు కత్తిని దాని వీపు మీద తిప్పాలి." టప్ మని తిప్పి చూపించింది. "అల్లుడిదీ నొక్కుడే. అభిమానం గల పిల్లాడు, అత్త నేర్పితే చిన్నబోతాడు. ఎవరు చెబుతారు చెప్పండి?"

తలలోంచి ఒక వెంట్రుక పీకి కత్తి మీద వదిలింది. రెండు ముక్కలైంది. కత్తి మడిచి, దీపం తీసుకుని వెళ్ళిపోయింది.

అల్లుడు చాలాసేపటికి గాని కుర్చీలోంచి లేవలేదు. లేచాక పడుకోనూ లేదు. మామకి చివరిదాకా తెలియనే తెలియదన్నమాట... పాపం, ఎంత మురిసిపోయాడో. తనూ అంతేగా మురిసింది. ముందు సిగ్గేసింది. ఆ తర్వాత నవ్వొచ్చింది. తెల్లారేసరికి షాపు మూయాలన్న ఊహ ఎటో పోయింది.

పొద్దున్నే తోలుపట్టీ, కత్తి పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తయ్యా, నాది కాస్త నొక్కుడు చెయ్యి. దగ్గరుండి నేర్పుతారా?"

ఆవిడ పొయ్యి మీది పాలు దించింది. చెయ్యి తుడుచుకుని పట్టీ అందుకుని, కొస కిటికీ కొక్కేనికి తగిలించింది. అల్లుడి మణికట్టు కింద ఒక్క వేలు ఆనించింది, బరువు తెలిసేలా.

నాలుగుసార్లు లాగాక అల్లుడు ఉండబట్టలేకపోయాడు. రాత్రుళ్ళు ఒక్కరే ఆ షాపులోకి వెళ్ళడానికి భయం వెయ్యలేదా అని అడిగాడు. నిన్న రాత్రి మరీ, అనబోయి నాలిక్కరుచుకున్నాడు.

"నిన్న కాస్త వేసింది బాబూ," అంది ఆవిడ, కళ్ళు కత్తి మీదే ఉంచి. "కిందికి చూశాక పోయింది. దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు. నిన్న కుర్చీ కింద నేను చూసినవి ముందుకే ఉన్నాయి. పైగా పోయిన నెల మా అమ్మాయి మీకు కొన్న చెప్పుల్లో ఉన్నాయి... నొక్కకండి, నొక్కకండి."