ఆగిపోయిన బెల్టు మీద ఎర్ర అంకెలు

కాజీపల్లిలో ఒక సబ్బుల కంపెనీ ఉండేది. తొంభైల నాటి మాట. దాని వెనక షెడ్డు పేరెత్తితే చాలు, నైట్ షిఫ్టువాళ్ళు అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేసేవారట.

ఆ షెడ్డులో పాత ప్యాకింగ్ బెల్టు ఒకటి. అది ఆగిపోయి ఏడాది దాటింది. కానీ డబ్బాలు లెక్కపెట్టే కౌంటర్ మాత్రం వెలుగుతూనే ఉంది. స్విచ్ ఆర్పడానికైనా ఎవరూ అటు పోరు మరి! రాత్రయితే దాని ఎర్ర అంకెలు వాటంతటవే పెరిగేవట... సంగప్ప అనే ఆపరేటర్ ఆ బెల్టు దగ్గరే ప్రాణం విడిచాడని, ఇంకా డబ్బాలు పంపుతూనే ఉన్నాడని చెప్పుకునేవారు.

ఇద్దరు వాచ్‌మెన్లు పారిపోయాక నర్సింహులు వచ్చాడు. సూపర్‌వైజర్ కైలాసం సార్ ముందే తేల్చేశాడు.

“రాత్రంతా ఆ షెడ్డులనే కూసోవాలె. ఉరికినవో, మల్ల గేటు తొక్కకు.”

నర్సింహులు బీరంగూడలో గది కిరాయికి తీసుకున్నాడు. భార్య శివమ్మ ‘మా ఆయనకు కంపెనీల నౌకరి’ అని ఊరంతా చాటి వచ్చింది. ఇప్పుడు దెయ్యానికి జడిసి ఇంటికి పోతే, శివమ్మ కంటే దెయ్యమే నయమనిపిస్తుంది.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ మల్లన్నను పట్టుకున్నాడు. “గా కౌంటర్ ఎట్ల లెక్కవెడ్తదే అన్నా?”

“బెల్టు పక్కన సెన్సార్ ఉంటది. దాని ముందలికెళ్ళి ఏదన్న పోతే ఒకటి ఎక్కుతది. డబ్బానా, మనిషా అని అడగది. రీసెట్ నొక్కితే సున్నా.” మల్లన్న గొంతు తగ్గించాడు. “కానీ తమ్మీ... ఏదీ పోకుండ మాత్రం ఎక్కది.”

చీకటి పడింది. నర్సింహులు రీసెట్ నొక్కి, కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సున్నా... సున్నా...

ఎక్కడో చెప్పుల చప్పుడు.

ఒకటి!

లేచి ఉరకాలనే ఉంది. శివమ్మ ముఖం గుర్తొచ్చి కాళ్ళు ఆగాయి.

రెండు!

కళ్ళు గట్టిగా మూసుకుని టార్చి కొట్టాడు.

“ఆర్పు... ఆర్పు నీ యవ్వ!”

కళ్ళు తెరిస్తే — బెల్టు దాటి, వెనక గోడ రేకు జరుపుతూ మల్లన్న! పక్కన మిక్సింగ్‌లో పనిచేసే చిన్నరాములు.

“గోడవతల రాజవ్వ దుకాణం కాడికి పోయి ఇంత కల్లు తాగొస్తం,” అన్నాడు చిన్నరాములు గుసగుసగా. “సంగప్ప గింగప్ప ఎవడు లేడు. ఇటుదిక్కు ఎవరు రావొద్దని మేమే పుట్టిచ్చినం.”

కాసేపటికి తిరిగొచ్చారు. మూడు, నాలుగు. నర్సింహులుకూ ఒక సీసా తెచ్చారు. ముగ్గురూ నేల మీద చతికిలబడి పడీపడీ నవ్వుతుంటే —

ఐదు!

నవ్వు ఆగిపోయింది. తామంతా ఇక్కడే ఉన్నారు... మరి బెల్టు దాటిందెవరు?

ఒక ఆకారం తూలుతూ ముందుకొచ్చింది. కల్లు వాసన గుప్పుమంది. నర్సింహులు టార్చి ఎత్తాడు.

కైలాసం సార్! పొద్దుగూకకముందే అదే దారిన జారుకున్నట్టున్నాడు. మీసాలకు ఇంకా నురగ ఉంది.

సార్ గొంతు సవరించుకున్నాడు.

“దెయ్యం... ఉన్నదా నర్సింహులూ?”

“ఉన్నది సార్. పెద్దదే.”

“మంచిది. ఎవ్వల్ని ఇటు రానియ్యకు. నీ నౌకరి పక్కా. రోజూ రాత్రి ఈడనే డ్యూటీ.”

సార్, మల్లన్న, చిన్నరాములు ముగ్గురూ ముందు తలుపు గుండా వెళ్ళిపోయారు. నర్సింహులుకు ప్రాణం లేచొచ్చింది. నౌకరి నిలిచింది, దెయ్యం లేదు, పైగా కల్లు! కాళ్ళు బారజాపి ఒక గుక్క తాగి, సీసా దించాడు.

ఆరు.

రేకు కదల్లేదు. టార్చి వేసి చూస్తే పిల్లి కూడా లేదు.

“సార్?... మల్లన్నా?”

ఉరుకుదామంటే నౌకరి. సీసాను మెల్లగా బెల్టు వైపు జరిపాడు.

“సంగప్పన్నా... జెర నువ్వు గూడ తాగు.”

తెల్లారేసరికి సీసా ఖాళీ. అది తాగింది తాను కాదని నర్సింహులు ఇప్పటికీ ఒట్టు వేస్తాడట.