వెనక్కి పోసిన పిడికెడు

సుస్మిత తల బియ్యం డబ్బాలో ఉంది. కాళ్లు మాత్రమే బయట కనిపిస్తున్నాయి.

"అక్కా, పడతవే!" అన్నాడు నాలుగేళ్ల తమ్ముడు సన్నీ.

"సప్పుడు చెయ్యకు. గీత గీస్తున్న."

"గీతెందుకు?"

"బియ్యం తగ్గుతయో లేదో సూద్దామని."

ఆ ఆదివారం పొద్దున సండే స్కూల్లో కళ్యాణి టీచర్ ఒక కథ చెప్పింది. కరువు రోజుల్లో ఒక పేద తల్లి ఇంట్లో పిడికెడు పిండే మిగిలిందట. దేవుని సేవకుడు వచ్చి, ముందుగా నాకో చిన్న రొట్టె చేసి పెట్టమన్నాడట. ఆమె అలాగే చేసింది. అంతే! తొట్టిలో పిండి తగ్గనే లేదట.

అది విన్నప్పటి నుంచి సుస్మిత మనసు ఒకచోట నిలవలేదు. ఎందుకంటే వాళ్ల ఇంట్లోనూ అలాంటి పద్ధతి ఒకటుంది. అన్నం వండే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేస్తారు. వాళ్ల చర్చికి వచ్చేవాళ్లంతా అలాగే చేస్తారు. ఆదివారం అందరి బియ్యమూ ఒకే సంచిలో పోస్తారు. ఆ సంచి ఒంటరిగా బతికే ఎల్లవ్వకు వెళ్తుంది.

అమ్మ సరోజన చేతులు ఎప్పుడూ బీడీలు చుట్టే చాటలోనే ఉంటాయి. అందుకే బియ్యం కొలిచే పని, పిడికెడు తీసే పని సుస్మితవి.

మరి రోజూ పిడికెడు తీస్తున్నాం కదా, మన డబ్బా కూడా తగ్గకూడదు కదా? అదీ సుస్మిత లెక్క. స్కెచ్ పెన్నుతో బియ్యం ఉన్నంత మేర గీత గీసింది.

సోమవారం చూస్తే బియ్యం గీత కిందికి దిగింది. మంగళవారం ఇంకా దిగింది.

"మా డబ్బా గట్లాంటి డబ్బా కాదు," అనుకుంది సుస్మిత. ఆ పిల్లకు భయం వేసింది. ఎందుకు వేయదు? బాపు శ్యాంసుందర్ సాంచెలు నడుపుతాడు. సాంచెలంటే కరెంటుతో నడిచే మగ్గాలు. సిరిసిల్లలో వాళ్ల వీధి అంతా వాటి చప్పుడే. అలాంటిది పదిహేను రోజులుగా ఆర్డర్లు లేవని సేటు సాంచెలు బందు పెట్టాడు. "గీ బియ్యం ఆదివారం దాంక అస్తయో రావో," అని అమ్మ బాపుతో మెల్లగా అనడం సుస్మిత చెవిన పడింది.

సన్నీకి ఆకలైతే ఆగడు. బువ్వ బువ్వ అని ఇల్లు పీకి పందిరి వేస్తాడు. ఒక్కరోజు బియ్యం లేకపోతే వాడి గతేంటి?

బుధవారం సాయంత్రం సుస్మిత రెండు గిలాసల బియ్యం కొలిచింది. పిడికెడు తీసింది. అటూ ఇటూ చూసి ఆ పిడికెడు మళ్లీ బియ్యం డబ్బాలోనే పోసేసింది.

"పిడికెడు తీసినవా బిడ్డా?" అని అమ్మ అడిగింది.

"తీసిన," అంది సుస్మిత. అబద్ధమేమీ కాదు, తీసింది కదా! అయినా ఆ రోజు అమ్మకు దూరంగా కూర్చుని తింది.

గురువారం, శుక్రవారం, శనివారం కూడా అంతే.

ఆదివారం చర్చిలో తన వంతు వచ్చినప్పుడు, దేవుని డబ్బాను ఒంటికి ఆనించుకుని గబుక్కున సంచిలో వంచేసింది. ఎంత తక్కువుందో ఎవరూ చూడలేదు. హమ్మయ్య అనుకుంది గానీ, పాట పాడుతున్నంతసేపూ తల ఎత్తలేకపోయింది.

మధ్యాహ్నం వాకిట్లో ఎవరో పిలిచారు.

"సరోజనా, ఇంట్లున్నవా?"

ఎల్లవ్వ! చంకలో చర్చి సంచి ఉంది. ఆయాసపడుతూ గడప మీద కూర్చుంది.

"ఇగో, గీ బియ్యం డబ్బాల పోసుకో."

అమ్మ బిత్తరపోయింది. "గిది నీది గదవ్వా! మాకెందుకు?"

"ఇన్నేండ్ల సంది మీ అందరి బియ్యం తిన్న. సాంచెలు బందున్నయని నాకెరుక లేదా? వీళ్లకియ్యిమని దేవుడు నా మనసుల ఒక్కతీర్గ చెప్పవట్టె. ఆయన చెప్పినంక ఇనకుంటే ఎట్ల?"

"మరి నువ్వేం తింటవు?" అని బాపు అడిగాడు.

"మక్కపిండి ఉన్నది. ఇంత గట్క కాసుకుంట, అయిపాయె."

అమ్మ కళ్లు తుడుచుకుంటూ సంచి విప్పింది. సుస్మిత తొంగి చూసింది. సన్న గింజలు, దొడ్డు గింజలు, నూకలు, కాస్త పచ్చగా ఉన్నవి, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఎన్ని ఇళ్ల నుంచి ఎన్ని పిడికిళ్లు వచ్చాయో!

"ఈసారి సంచి జర అల్కగున్నది, ఎప్పటంత బరువు లేదు," అంది ఎల్లవ్వ. "పాపం, ఎవలింట్ల ఇబ్బందున్నదో ఏమో."

సుస్మితకు దుఃఖం ఆగలేదు.

"అవ్వా, మా ఇంట్లనే! నేనే తియ్యలేదు. తీసి మళ్ల డబ్బాలనే పోసిన. అమ్మకు ఎరుక లేదు. సన్నీకి బువ్వ లేకుంటయితదని…"

అమ్మ చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. సుస్మిత గీత సంగతి కూడా చెప్పేసింది. ఎల్లవ్వ బోసినోటితో పకపకా నవ్వింది.

"ఓసి నీ పాడుగాను! దేవునికి గీత గీసి పరీచ్చ పెట్టినవా?" అంటూ దగ్గరికి లాక్కుంది. "తమ్ముని మీద పానం కొట్టుకున్నది నీకు. ఏడ్వకు బిడ్డా."

"నన్నడిగితే ఏం జెయ్యాల్నో నేను చెప్పకపోదునా?" అంది అమ్మ. తిట్టలేదు. అదే సుస్మితకు ఇంకా కష్టంగా అనిపించింది.

అమ్మ ఆ బియ్యం డబ్బాలో పోసుకుంది. ఎల్లవ్వ మోకాళ్లు పట్టుకుని లేచి, ఖాళీ సంచి మడిచి వెళ్లిపోయింది.

"ఎసరు పెట్టిన. బియ్యం కొలువు," అంది అమ్మ.

సుస్మిత రెండు గిలాసలు కొలిచింది. తన చేతిలో పట్టినంత పెద్ద పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేసింది. తర్వాత ఒక్క క్షణం ఆలోచించి ఇంకో గిలాస పోసింది.

"మూడెందుకే?" అని అమ్మ అడిగే లోపే వీధిలోకి ఉరికింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఎల్లవ్వ అప్పటికే మూల మలుపు దాకా వెళ్లింది.

"అవ్వా, ఆగు! గట్క రేపు కాసుకో. ఇయ్యాల మా ఇంట్లనే బువ్వ. నీక్కూడ పోసిన!"