అరగంటలో ఎండిన మల్లెలు

కుసుమ జడలో వరహాలమ్మ తురిమిన మల్లెలు అరగంటలో ఎండిపోయాయి. వాడడం కాదండీ, గోధుమరంగు తిరిగి, ముట్టుకుంటే రాలిపోతున్నాయి.

వరహాలమ్మ కొడుకు నూకరాజుకీ, ఈ కుసుమకీ వచ్చే నెలలో నిశ్చితార్థం. పిల్ల విశాఖ ఎయిర్‌పోర్టులో శాంటియాగో వెళ్ళే బుడగ విమానం ఎయిర్ హోస్టెస్. శాంటియాగో అంటే ఎక్కడో చిలీ దేశం, పదిహేడు వేల కిలోమీటర్లు. ఆ విమానం పది నిముషాల్లో అక్కడ దిగిపోతుంది. ఆ వింతేదో చూద్దామని వెళ్ళిన వరహాలమ్మ, బయల్దేరేముందు కాబోయే కోడలి జడలో ఇంత దండ పెట్టింది. క్యాంటీన్లో పునుగులు తిని చెయ్యి కడుక్కునేసరికి పిల్ల వెళ్ళడమూ, రావడమూ అయిపోయింది. పూలు చూస్తే ఈ తీరు. ఇదేం అపశకునమో అని పెద్దావిడ లెంపలేసుకుంది.

"ఇందాకే కదమ్మా పెట్టాను?"

"మీకు ఇందాక, అత్తయ్యా. నాకు నిన్న," అంది కుసుమ, ఆవలిస్తూ.

ఆవిడ మొహం చూసి కుసుమే, పక్క టేబుల్ దగ్గర టీ తాగుతున్న కాళిదాసు గారిని పిలిచింది. ఆ బుడగ కనిపెట్టిన సైంటిస్టు ఆయనే. విమానం చుట్టూ ఒక ఫీల్డ్ ఉంటుందనీ, దాని లోపల టైము మామూలుగానే నడుస్తుందనీ, బయట మాత్రం ఆగినట్టే ఉంటుందనీ ఆయన ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. లోపలున్నవాళ్ళు ఒక్కో వైపూ పందొమ్మిది గంటలు కూర్చోవాల్సిందే, తినాల్సిందే, నిద్రపోవాల్సిందే.

"మరి తగ్గిందేంటి బాబూ?"

"ఎదురుచూసేవాళ్ళ టైమండీ."

వరహాలమ్మకి బుడగ అర్థం కాలేదు గానీ ఇంకోటి అర్థమైంది. ఈ పిల్ల మూడేళ్ళుగా ఇదే పని చేస్తోంది. మావాడు రెండేళ్ళు పెద్ద కదా, మరి ఇప్పుడో? కాళిదాసు గారు ఫోన్లో లెక్క కట్టి, తల గోక్కుని, పిల్లే నాలుగు నెలలు పెద్దన్నాడు.

పెళ్ళికూతురు పెళ్ళికొడుకు కంటే పెద్దదా? వాళ్ళ ఇంటా వంటా లేదు. పుట్టినతేదీలు మారలేదు కదా అని పురోహితుడు నచ్చజెప్పినా ఆవిడ వినలేదు. ఒంటికి తేదీ తెలుసా అంది. ఈ సంబంధం వద్దంది.

 నూకరాజు కుసుమని కౌంటర్ డ్యూటీకి మారిపొమ్మన్నాడు. తను మాత్రం ఆమెకొచ్చే స్టాఫ్ టికెట్ల మీద రోజుకి మూడుసార్లు శాంటియాగో వెళ్ళొచ్చాడు. టైము మిగల్చడానికి కనిపెట్టిన మిషన్లో కూర్చుని వయసు పెంచుకున్నాడన్నమాట. పొద్దున గడ్డం గీసుకుని వెళ్ళినవాడు మధ్యాహ్నానికి గడ్డంతో దిగేవాడు. తల్లికేమీ చెప్పలేదు. ఆవిడకి తల తిరిగిపోయేది.

ఒక సాయంత్రం ఇంటికొచ్చి పీటమీద కూర్చున్నాడు. ఉప్మా పెట్టింది. మొదటి ముద్దకే వాడికి కళ్ళు చెమర్చాయి.

"నీ చేతి ఉప్మా తిని ఎన్నాళ్ళైందే అమ్మా."

ఆవిడ సింకు వైపు చూసింది. పొద్దున వాడు ఉప్మా తిన్న కంచం ఇంకా కడగలేదు. వాడి చెవి దగ్గర ఒక వెంట్రుక తెల్లగా మెరుస్తోంది. అప్పుడర్థమైంది ఆవిడకి, వీడెక్కడికి పోయొస్తున్నాడో.

"చాలురా నాయనా. రేపట్నుంచి వెళ్ళకు. ఆ పిల్లనే పెద్దదిగా ఉండనీ."

"ఇంకెందుకులే అమ్మా," అన్నాడు వాడు, కంచం ఊడ్చుకుంటూ. "ఇవాళ్టితో దాటేశాను."