పీర్ దిబ్బ దగ్గర ఆగిన పడవ

జుమన్ పీర్ దిబ్బ పేరెత్తితే చాలు, దాదూ జిల్లా వైపు పడవవాళ్లు చెవులు తాకి తోబా, క్షమించు దేవుడా అనేవాళ్లు. పగలైతే వట్టి సమాధులే. పొద్దుగూకాక మాత్రం అక్కడ ఎవరో మూలుగుతారని... వరద కంటే ముందు నుంచే ఉన్న మాట. ఆ ఏడు వరదలో పత్తిచేలూ, ఊళ్లూ, రోడ్లూ అన్నీ మునిగాయి — దిబ్బ ఒక్కటే మునగలేదు. అల్లా చిత్తం! అయినా ఏ పడవా అటు తిరగలేదు.

బచల్ పడవా అంతే. కట్ట మీద గుడారాల్లో తలదాచుకున్నవాళ్లకి పిండి, మంచినీళ్లు మోసేవాడు. మోస్తూనే ప్రతి గుడారంలోకీ తొంగిచూసేవాడు — చెల్లెలు నూరాన్ కోసం. నెలలు నిండిన మనిషి... ఊరు మునిగిన రాత్రి నుంచీ ఆమెకీ, అత్తగారికీ జాడ లేదు. దిబ్బ మీద మాత్రం వెతకలేదు. మా ఆడవాళ్లు సమాధుల్లో అడుగు పెట్టరు కదా, అక్కడెందుకుంటారు?

ఓ సాయంత్రం చీకటి పడ్డాక కట్టకి పోతున్నాడు. సరిగ్గా దిబ్బ పక్కన ఇంజను దగ్గి, దగ్గి... ఆగిపోయింది.

"చచ్చాం," అన్నాడు జతగాడు సోబ్దార్.

"నోర్ముయ్. తాడు లాగు."

"లాగుతున్నా కదయ్యా! ఇంజను అంటుకోకపోతే నేనేం చెయ్యను?"

ప్రవాహం పడవని మెల్లగా నెట్టింది... దిబ్బ వైపే.

అప్పుడు వినిపించింది — పళ్ల మధ్య నొక్కిపెట్టిన మూలుగు.

సోబ్దార్ పిండి బస్తాల మధ్యకి దూరాడు. బచల్‌కి సమాధుల పక్కగా పోయేటప్పుడు తండ్రి నేర్పిన మర్యాద ఒక్కటే గుర్తొచ్చింది. లేచి నిలబడి గట్టిగా అన్నాడు —

"సమాధుల్లో ఉన్నవారలారా... అస్సలాము అలైకుమ్!"

మూలుగు ఆగింది.

నీళ్ల చప్పుడు... అంతే.

ఆ తర్వాత, చీకట్లోంచి, వణికే ముసలి గొంతు —

"వ అలైకుమ్ అస్సలామ్."

అయ్యా, పుట్టి బుద్ధెరిగాక ఎన్ని సలాములు చెప్పి ఉంటాడు! సమాధులు ఎన్నడైనా బదులిచ్చాయా?

"ఎ... ఎవరు?"

"ముందు నువ్వెవరో చెప్పు. దొంగవా?"

దెయ్యం దొంగకి భయపడుతుందా? బచల్ టార్చిలైటు వేశాడు. రెండు సమాధుల నడుమ, దుప్పటి పందిరి కింద, నూరాన్ అత్తగారు. ఆమె ఒడిలో తల పెట్టుకుని, దుపట్టా పళ్ల మధ్య కరిచిపట్టుకుని — నూరాన్.

"నువ్వా నాయనా!" అంది ముసలామె. "పగలు తెల్లగుడ్డ ఊపితే పడవలు ఇంకా దూరం పారిపోయాయి. రాత్రి వచ్చేది దొంగలేనని దీని నొప్పుల మూలుగు కూడా బయటికి రానివ్వలేదు. కానీ సలాం విని జవాబివ్వకపోతే... రేపు దేవుడికేం చెప్పుకోను?"

బచల్ నీళ్లలోకి దూకి, గట్టెక్కి, చెల్లెలి పక్కన కూలబడ్డాడు. "రోజూ ఇటే పోయానే తల్లీ... రోజూ..."

నూరాన్ దుపట్టా ఉమ్మేసింది.

"పోయినవాళ్ల సంగతి తర్వాత చూద్దువు గాని అన్నా. ముందు నన్నెత్తు... వచ్చేవాడు ఆగేలా లేడు!"