ఆకలి గడ్డి

ఈ నడకకి గైడు ఉండడు. కంపెనీవాళ్ళు మ్యాపు చేతిలో పెడతారు, పెట్టెలు కారులో తర్వాతి ఊరి బసకి చేరుస్తారు, మధ్యలో కొండంతా నీదే. అక్టోబరులో పడమటి తీరాన మేయో కొండలు నడవాలన్న ఆలోచన ఊనాది. డబ్లిన్ ఆఫీసులో కూర్చుని కూర్చుని తమ్ముడు తైగ్ పాలిపోయాడని ఆవిడ బెంగ. తల్లి పోయాక బతిమాలి, బెదిరించి, చెంచా చెంచా తినిపించి పెంచిన పిల్లాడు. ఇప్పుడు గడ్డం పెంచి, తనకంటే జానెడు ఎత్తెదిగినా, వాడి పళ్ళెంలో ఏం మిగిలిందో చూడందే ఆవిడకి తోచదు.

పొద్దున బసలో ఇంటావిడ బ్రీజ్ దారిలో తినడానికి సోడా రొట్టె, చీజు, ఆపిల్ పళ్ళు కట్టిచ్చింది. పైనున్న పాడుపడ్డ ఊళ్ళో కూర్చుని తింటే ఓ ముక్క అక్కడే పెట్టి రమ్మని మామూలుగా, గొడుగు మర్చిపోవద్దన్నట్టు చెప్పింది. ఊనా సరేనని తలూపింది. నాయనమ్మ కూడా ఇదే మాట అనేది కాబట్టి నవ్వు రాలేదు, విసుగొచ్చింది.

మధ్యాహ్నానికి ఆ ఊరు చేరారు. పైకప్పుల్లేని రాతి గోడలు, వాకిళ్ళ నిండా దురదగొండి, గొర్రెల పెంటికల వాసన. ఒక ఇంట్లో పొయ్యిరాయి ఇంకా నల్లగానే ఉంది. అక్కడే కూర్చుని తిన్నారు. లేవబోతూ తైగ్ రొట్టె అంచు ఒకటి ఆ రాతి మీద పెట్టాడు.

"తియ్యరా అది" అంది ఊనా.

"నాయనమ్మ ఉంటే నీ చెవి మెలేసేది."

"నాయనమ్మ ఈ కొండమీద చెత్త ఏరలేదు. రవ్వ కూడా వదలొద్దని కంపెనీవాళ్ళు మ్యాపు మీద అంత లావు అక్షరాలతో రాశారు."

"ఆకలితో పోయిన ఊరు కదా అక్కా, పాపం."

"ఆకలితో పోలేదు. బంగాళాదుంప పంట కుళ్ళిపోయిన కరువులో, పండిన ధాన్యాన్ని దొరలు సైనికుల్ని కాపలా పెట్టి మరీ ఓడలెక్కిస్తే పోయారు. రొట్టె ముక్క పెట్టి చేతులు దులుపుకునే అన్యాయం కాదది."

తైగ్‌కి ఆవిడతో వాదించి గెలిచిన చరిత్ర లేదు. ముక్క తీసి చెత్త సంచిలో వేశాడు. ఊనా రాతి మీద రాలిన రవ్వలు కూడా అరచేత్తో ఊడ్చి అందులోనే దులిపింది.

ఊరు దాటాక దారి కరువు కాలం నాటి రోడ్డు వెంటే పోతుంది. గుప్పెడు పిండి కూలిగా ఇచ్చి ఎముకల మనుషుల చేత వేయించిన రోడ్డు. ఎవరికీ అక్కర్లేదు, ఎక్కడికీ పోదు. కొండ నడుమ దాకా వెళ్ళి, వేసేవాళ్ళు ఎక్కడ కూలారో అక్కడే ఆగిపోతుంది. మొదటి మలుపు దగ్గరే పొగమంచు దిగింది. ముందు కొండకొన మాయమైంది, తర్వాత రోడ్డు పక్క గోడ పోయింది, తర్వాత కాళ్ళ కిందది తప్ప ఏమీ మిగల్లేదు. నీటిగుంట తప్పించబోయి తైగ్ రోడ్డు పక్క గడ్డిలోకి అడుగేశాడు. మిగతా గడ్డికంటే పాలిపోయి, పొడుగ్గా ఉంది అది. గాలి లేదు. అయినా అంతా ఒకవైపే వాలి ఉంది.

"అక్కా, ఆకలేస్తోంది."

ఇప్పుడేగా తిన్నావని ఊనా నవ్వింది. ఆపిల్ ఇచ్చింది. వాడు గింజలతో సహా తిన్నాడు. చాక్లెట్టు ఇచ్చింది, మిగిలిన చీజు ఇచ్చింది. నమలడం లేదు, మింగుతున్నాడు. తర్వాత ఆ గడ్డిలోనే కూలబడ్డాడు. తిండి సంచి బోర్లించి కుట్లలోని రవ్వలు నాకుతుంటే ఊనా ఫోను తీసింది.

సిగ్నల్ లేదు. కంపెనీ నంబరు నొక్కింది, మళ్ళీ నొక్కింది. వాడి చంకల కింద చేతులేసి లాగింది. కదల్లేదు. అరిచింది. మంచు ఆ అరుపుని ఉన్నచోటే మింగేసింది. ఇటు తిరిగేసరికి తైగ్ గడ్డి పీకి నోట్లో కుక్కుకుంటున్నాడు. పెదాలు పచ్చగా... గడ్డం మీద పచ్చటి నురుగు...

"ఉమ్మెయ్. తైగ్, బంగారం, ఉమ్మెయ్ నాన్నా."

వాడి నోట్లో వేళ్ళు పెట్టి లాగింది. వేళ్ళు కొరికాడు.

అప్పుడు వినిపించింది. తడి రాళ్ళమీద కాళ్ళు. బూట్లు కావు. చాలామంది. వాటితోపాటు కుళ్ళిన బంగాళాదుంపల కంపు, గొంతులోకి దిగేలా. అడుగులు చుట్టూ వచ్చి ఆగాయి. ఆవిడ నడుం ఎత్తులో, చెవికి కాదు వెన్నుకి తగిలినట్టు ఒక గొంతు.

"ఏమన్నా మిగిలిందా తల్లీ..."

ఊనా తల తిప్పలేదు. తిప్పితే వాడి చెయ్యి వదిలేస్తానేమోనని భయం. చెత్త సంచి గుర్తొచ్చింది. తీసింది. రొట్టె అంచు ఉంది, దానికంటుకుని నాలుగు రవ్వలు.

తైగ్ చూశాడు. చిన్నప్పటిలా నోరు తెరిచాడు.

"పెట్టక్కా."

ఆ ఒక్క ముక్క వాడి నోటిదాకా వెళ్ళింది. ఆగింది. పొయ్యిరాయి మీంచి తీయించింది తనే. వాళ్ళది వాళ్ళకి ఇచ్చేస్తే వదిలేస్తారు, అంతే... అంతే అయ్యుండాలి. కావాలి.

"ఇప్పుడే వస్తా. కళ్ళు మూసుకో."

గోడ తడుముకుంటూ పాడుపడ్డ ఊళ్ళోకి వెనక్కి పరిగెత్తింది. వెనకాల "అక్కా, పెట్టక్కా" అని వాడు ఏడుస్తూనే ఉన్నాడు. పొయ్యిరాయి దొరికింది. ముక్క పెట్టింది. రవ్వలు కూడా గోటితో గీకి పెట్టింది. తీసుకోండి, వాణ్ణి వదిలేయండి అని పెద్దల ముందు తప్పు ఒప్పుకునే పిల్లలా మొక్కింది. తిరిగి వస్తుంటే వాడి ఏడుపు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఊనా పరిగెత్తినట్టు ఎవరూ ఎప్పుడూ పరిగెత్తి ఉండరు.

తైగ్ లేచి కూర్చుని ఉన్నాడు. మొహం తేటగా ఉంది. చేత్తో మూతి తుడుచుకుంటున్నాడు.

"వేడిగా ఉంది రొట్టె. నువ్వే పంపావని చెప్పింది."

"ఎవరు?"

వాడు మంచువైపు చూసి, తెలిసినవాళ్ళకి ఊపినట్టు తలూపాడు. ఊనా వాణ్ణి లేపి నిలబెట్టింది. వాడు నడుస్తున్నాడు, అది చాలు. చెయ్యి పట్టుకుని దిగింది, ఏడుస్తూ, నవ్వుతూ, తిట్టుకుంటూ.

సందె చీకటికి కింది ఊరి బసకి చేరారు. ఇంటావిడ డిలియా మటన్ పులుసు పెట్టింది. తైగ్ పళ్ళెం ముట్టుకోలేదు. తినమంటే మర్యాదగా తల అడ్డంగా ఊపాడు. ఊనా పొయ్యి పక్కకెళ్ళి డిలియాతో జరిగిందంతా గొంతు తగ్గించి చెప్పింది. డిలియా గరిటె కింద పెట్టేసింది.

"ఆ ముక్క వాడి నోట్లో పెట్టలేదా?"

"రాయి మీద పెట్టాను. వాళ్ళది వాళ్ళకి ఇచ్చేశాను."

"ఆకలి గడ్డి తొక్కకముందైతే రాతి మీదే పెట్టాలమ్మా. గడ్డి పట్టాక మన మనిషి నోట్లోకే పోవాలి. వాళ్ళ రొట్టె వాళ్ళు పెట్టకముందే. అది తిన్నాక మన తిండి లోపలికి దిగదు."

ఊనా బల్ల దగ్గరికి వచ్చింది. చెంచా నింపి వాడి పెదాలకి ఆనించింది. చిన్నప్పుడు చెప్పిన మాటలన్నీ చెప్పింది. బతిమాలింది, బెదిరించింది, తల మీద ఒట్టు పెట్టింది. పులుసు మూతి పక్కనుంచి కారి మెడమీదికి జారింది.

"కడుపు నిండిపోయిందక్కా. నిజంగా."

మెడ తుడవబోతే వేళ్ళకి ఎముక తగిలింది. ఆవిడ చెంచాని నెట్టడానికి వాడు చెయ్యెత్తాడు. మణికట్టు నుంచి గడియారం జారి మోచెయ్యి దగ్గర ఆగింది.

ఊనా వాడి పేరు పిలిచింది. వాడు వినలేదు. పక్కనున్న ఖాళీ కుర్చీవైపు తిరిగి, పళ్ళెం మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "చాలమ్మా, ఇంక పట్టదు" అన్నాడు మొహమాటంగా.

అవతల ఎవరు ఏం అన్నారో. చిన్నగా నవ్వి, చెయ్యి తీసేశాడు. నోరు తెరిచాడు. మూశాడు.

దవడలు మెల్లగా నమలడం మొదలుపెట్టాయి.