మొదటి ఆదివారం

గురువారం పొద్దున జ్ఞానశేఖర్ టీ తాగుతూ కూర్చున్నాడు. కోడలు సిగ్రిడ్ వంటగదికీ వీధి తలుపుకీ మధ్య ఏడోసారి తిరిగింది. ఆదివారం మారథాన్. ఈ వారం కాళ్ళకు విశ్రాంతి ఇవ్వమని కోచ్ చెప్పాడట. పరిగెత్తే మనిషిని కూర్చోమంటే ఇలాగే ఉంటుంది. ఫ్రిజ్ తెరుస్తుంది, ఏమీ తీయదు, మూస్తుంది.

సిగ్రిడ్‌ది నార్వే. పద్నాలుగేళ్ళుగా పరుగే ఆమె ఉద్యోగం. రెండుసార్లు వాళ్ళ దేశం జట్టులో పరిగెత్తింది. తర్వాత పాదంలో ఎముక చిట్లింది. పెళ్ళయి వాంకూవర్ వచ్చింది. ఇప్పుడు ముప్ఫై ఆరేళ్ళు. రెండున్నర గంటల లోపు పూర్తిచేస్తే మళ్ళీ జట్టులో చోటు. ఇంకో ఏడాది ఆగే వయసు కాదు.

జ్ఞానశేఖర్‌కు ఇబ్బంది పరుగుతో కాదు, ఆ రోజుతో. మే నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభు బల్ల, అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. ఆయన తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. రొట్టె పళ్ళెం పట్టేది ఆయనే. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క బల్లా తప్పలేదు. తన కోడలే రాకపోతే సంఘానికి ఏం చెప్పాలని రెండు వారాలుగా కొడుకు డేవిడ్‌సన్‌ను అడుగుతున్నాడు. అతను షిఫ్ట్ ఉందంటూ తప్పించుకుంటున్నాడు.

ఇక లాభం లేదని కోడలితోనే అన్నాడు.

"అమ్మాయ్, ఆదివారం దేవుడిది. వేరే రోజు పరుగు చూసుకో."

సిగ్రిడ్ ఆగి, నేర్చుకున్న తెలుగులో మెల్లగా చెప్పింది.

"మామయ్యా, మారథాన్ అంటే ఆదివారమే."

"అయితే మానెయ్."

ఆమె ముఖం ఎర్రబడింది. మేడ మీదికి వెళ్ళిపోయింది. పైన నడక వినిపిస్తూనే ఉంది.

సంతోషకుమారి స్టవ్ కట్టేసి భర్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇరవై రెండేళ్ళు నర్సు డ్యూటీ చేశానండీ. సగం ఆదివారాలు ఆసుపత్రిలోనే. మీరే నన్ను గేటు దగ్గర దింపి చర్చికి వెళ్ళేవారు. ఒక్కసారైనా, సంతోషకు ఈరోజు బల్ల లేదే అనుకున్నారా?"

"అది ఉద్యోగం."

"ఆ పిల్లదీ ఉద్యోగమే. ఆదివారం నేను దాని వెంట వెళ్తున్నా. సంఘం అడిగితే నా పేరు కూడా చెప్పండి."

మూడు రోజులు ఆ ఇంట్లో ఎవరూ కుదురుగా కూర్చోలేదు.

ఆదివారం సిగ్రిడ్, డేవిడ్‌సన్, సంతోషకుమారి ముగ్గురూ చీకటితోనే వెళ్ళిపోయారు. జ్ఞానశేఖర్ పదింటికి ఒక్కడే కారు తీశాడు. నాలుగు వీధులు దాటేసరికి రోడ్డుకు అడ్డంగా కంచె. పరుగు కోసం మూసేశారు. పసుపు చొక్కా మనిషి పక్క దారి చూపించాడు. జ్ఞానశేఖర్ తల ఊపాడు గానీ కారు కదపలేదు. దిగి కంచె దగ్గర నిలబడ్డాడు.

కాసేపటికి సిగ్రిడ్ వచ్చింది. ఆమె చుట్టూ ఎవరూ లేరు. పెదవులు తెల్లబడ్డాయి, చెంపల మీద ఉప్పు చారలు కట్టింది, ఎడమ భుజం వాలిపోయింది. ఎవరినీ చూడడం లేదు. ఆ ముఖం ఆయనకు తెలుసు. పన్నెండు గంటల డ్యూటీ దిగి సంతోష కారెక్కేటప్పుడు అదే ముఖం. చర్చి బట్టల్లో ఉన్న తాను, ఈరోజు ప్రసంగం బాగుందని చెబుతూ డ్రైవ్ చేసేవాడు.

అమ్మాయ్ అని పిలవబోయాడు. ఆలోపే ఆమె మలుపు తిరిగిపోయింది. ఆయన చర్చికి చేరేసరికి బల్ల అయిపోయి పళ్ళేలు కడుగుతున్నారు.

మధ్యాహ్నం కారు ఆగింది. సిగ్రిడ్ గుమ్మం మెట్టు మీద కూలబడింది. పదకొండు సెకన్లు ఎక్కువ పట్టిందని డేవిడ్‌సన్ మెల్లగా చెప్పాడు. ఒట్టావాలో ఇంకో పరుగు ఉందట, మూడు వారాల్లో. అదీ ఆదివారమే అని చెప్పి తండ్రి ముఖం చూశాడు.

"నాక్కూడా టికెట్ తియ్యి" అన్నాడు జ్ఞానశేఖర్.

సిగ్రిడ్ బూట్లు విప్పుకోబోయి వంగలేకపోయింది. ఆయన చర్చి ప్యాంటుతోనే మెట్టు కింద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వద్దు మామయ్యా అంటూ ఆమె కాలు వెనక్కి తీసుకుంది. ఆయన వదల్లేదు. ముడి విప్పి, బూటు తీసి, రక్తం అంటిన మేజోడు నెమ్మదిగా లాగాడు. ఆమె ఏడుస్తోంది.

సంతోషకుమారి ఇంకా బూట్లతోనే గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆయన తల ఎత్తలేదు.

"సంతోషా, నువ్వూ కూర్చో" అన్నాడు.